శనివారం ఉదయం ఎనిమిదింటికి నలుగురు మరుగుజ్జులు: డీప్ రాక్ గెలాక్టిక్ సమీక్ష

కాకినాడలో ఇంజినీరింగ్ చదువుకునే రోజుల్లో మా హాస్టల్లో ఏ కంప్యూటర్ ఆట ఆడాలన్నది ఎప్పుడూ సమస్య కాలేదు. గదికీ గదికీ మధ్య కేబుల్ లాగి, వరండాలో ఒక స్విచ్ పెట్టి, రాత్రి భోజనం కాగానే కౌంటర్-స్ట్రైక్ మొదలుపెడితే మెస్ నుంచి ఇడ్లీల ఆవిరి వాసన వచ్చేదాకా ఆడేవాళ్లం. అప్పుడు ఐదుగురికీ ఒకే తీరిక ఉండేది. ఇప్పుడు ఆ ఐదుగురిలో ఒకడు డల్లాస్‌లోనూ ఒకడు మెల్‌బోర్న్‌లోనూ ఉన్నారు. మూడోవాడు విశాఖపట్నంలో బ్యాంకు అధికారి. నాలుగోవాడు హైదరాబాదులోనే ఉంటూ అమెరికా వేళలకు రాత్రి పని చేస్తాడు. నేను అదే ఊళ్లో పగటి ఉద్యోగం చేసుకుంటూ మూడేళ్ల పాపను పెంచుకుంటున్నాను.

మా ఐదుగురికీ వారంలో కలిసివచ్చే సమయం ఒక్కటే, శనివారం ఉదయం ఎనిమిది గంటలు. వేసవిలో అప్పటికి డల్లాస్‌లో శుక్రవారం రాత్రి తొమ్మిదిన్నర అవుతుంది, అక్కడి పిల్లలు పడుకుని ఉంటారు. మెల్‌బోర్న్‌లో అదే వేళకు మధ్యాహ్నం పన్నెండున్నర. రాత్రి పని చేసేవాడు అప్పుడే ఇంటికి చేరి స్నానం చేసి, నిద్రకు ముందు అరగంట మేలుకుని ఉంటాడు. విశాఖ మిత్రుడికి బ్యాంకు సెలవు రెండో శనివారం, నాలుగో శనివారం మాత్రమే కాబట్టి మిగిలిన వారాల్లో అతను రాలేడు. నాకు పాప లేచేదాకానే వీలు. కాగితం మీద గంటన్నర కనిపిస్తుంది గాని, అందరూ ఒకేసారి ఉండేది అందులో అరగంటే.

ఈ గంటన్నరకు సరిపోయే ఆట కోసం మేము మూడేళ్లుగా వెతికాము, కొన్నాము, వదిలేశాము. చివరికి నిలిచినది డీప్ రాక్ గెలాక్టిక్. డెన్మార్క్‌కు చెందిన ఘోస్ట్ షిప్ గేమ్స్ దీన్ని తయారు చేసింది. 2018 ఫిబ్రవరిలో తొలిదశగా విడుదలైన ఈ ఆట 2020 మేలో పూర్తి రూపంలో వచ్చింది. ఇదే ఎందుకు నిలిచిందో చెప్పడానికి ముందు, ఎంపికలో మేము చేసిన తప్పును చెప్పాలి, ఎందుకంటే ఆ తప్పు నుంచే ఈ సమీక్షకు కొలబద్ద దొరికింది.

మొదట మేము ఒక మనుగడ ఆట ఎంచుకున్నాము. చెట్లు నరికి, ఇల్లు కట్టి, గనులు తవ్వి, మెల్లగా రాతి పనిముట్ల నుంచి ఇనుప పనిముట్లకు ఎదిగే తరహా ఆట అది. ఆటగా దానిలో లోపమేమీ లేదు, మొదటి రెండు వారాలు హాస్టల్ రోజులు తిరిగి వచ్చినట్టే అనిపించింది. తర్వాత వారాంతంలో ఎక్కువ తీరిక ఉన్న ఇద్దరు మిగతావాళ్లు లేనప్పుడు కూడా ఆడసాగారు. విశాఖ మిత్రుడికి త్రైమాసిక లెక్కల పని పడి మూడు వారాలు రాలేకపోయాడు. నాలుగో వారం వచ్చేసరికి మేము కట్టుకున్న పాక స్థానంలో రెండంతస్తుల కోట ఉంది, అందరి ఒంటి మీదా ఇనుప కవచాలున్నాయి, అతని చేతిలో మాత్రం పాత రాతిగొడ్డలి ఉంది. మేము అతనికి పెట్టె తెరిచి కావలసినవన్నీ ఇచ్చాము. అతను తీసుకున్నాడు, పది నిమిషాలు కోటంతా తిరిగి చూశాడు, తర్వాత, "మీరు ఆడండిరా, నేను కాసేపు చూస్తాను" అన్నాడు. ఆ తర్వాత రెండు నెలలు రాలేదు. అది అతని అలక కాదు. తాను లేకుండా జరిగిపోయిన కథలోకి అతిథిగా రావడం ఎవరికైనా కష్టమే.

కనుక స్నేహితుల కోసం ఆట ఎంచుకునేటప్పుడు చూడవలసింది వచ్చినవాళ్లకు అది ఎంత బాగుంటుందని కాదు, రాలేకపోయినవాడికి దానిలో ఏమవుతుందని. అతను వెనకబడతాడా? ఏదైనా పోగొట్టుకుంటాడా? తిరిగి వచ్చిన రోజు మొదటి ఐదు నిమిషాల్లో మిగతావాళ్లతో సమానంగా పని చేయగలడా? ఈ ప్రశ్నలకు జవాబు దొరికాకనే బొమ్మల అందమూ, కథ లోతూ, విమర్శకుల మార్కులూ చూడాలి. మేము ఈ క్రమాన్ని తలకిందులుగా పాటించినందువల్ల దాదాపు ఒక స్నేహితుణ్ణి ఆటకు దూరం చేసుకున్నాము.

డీప్ రాక్ గెలాక్టిక్‌లో మీరు గడ్డాలు పెంచిన మరుగుజ్జు గని కార్మికులు. హోక్సెస్ అనే గ్రహం లోపలికి నలుగురూ ఒక గొట్టం వంటి వాహనంలో దిగుతారు, కంపెనీ అడిగిన ఖనిజమో, పురుగుల గుడ్లో, పాడైపోయిన యంత్రాలో సంపాదిస్తారు, మీద పడే పురుగుల గుంపుల నుంచి కాచుకుంటారు, పని ముగియగానే బయటికి తీసుకుపోయే వాహనం ఎక్కడ దిగిందో వెతుక్కుంటూ పరుగెత్తుతారు. గుహ ప్రతిసారీ కొత్తగా తయారవుతుంది, దానిలోని ప్రతి గోడనూ తవ్వవచ్చు. ఒక మిషన్ మామూలుగా ఇరవై నుంచి నలభై నిమిషాల్లో పూర్తవుతుంది. మిషన్ ఎంచుకునే పటం మీద దాని పొడవు ఎంతో, గుహ ఎంత చిక్కుగా ఉంటుందో ఒకటి నుంచి మూడు వరకు గుర్తులతో ముందే చూపిస్తారు. తీరిక తక్కువైనవాళ్లకు ఈ చిన్న గుర్తుల విలువ ఎంతో చెప్పనలవి కాదు. పాప ఇంకో అరగంటలో లేస్తుందనుకుంటే ఒక గుర్తు ఉన్న మిషన్ తీసుకుంటాము, రెండో శనివారం అందరూ ఉంటే మూడు గుర్తులది తీసుకుంటాము. పటం మీది మిషన్లు ప్రతి అరగంటకూ మారిపోతాయి కాబట్టి నచ్చినది లేకపోతే ఎక్కువసేపు ఎదురుచూడనక్కరలేదు.

ఇక నేను చెప్పిన కొలబద్ద ప్రకారం చూస్తే, ఈ ఆటలో నలుగురికీ ఉమ్మడిగా ఉండే కోట గాని ఊరు గాని లేదు. ప్రతివారి సంపాదనా, మెరుగుపరచుకున్న ఆయుధాలూ వారి వారి దగ్గరే ఉంటాయి. మిషన్ మొదలైనప్పుడు గుహ అందరికీ సమానంగా కొత్తది, ముగిసినప్పుడు అది అందరికీ ఒకేలా మాయమవుతుంది. నెల తర్వాత వచ్చినవాడి తుపాకీకి రెండు మెరుగులు తక్కువ ఉండవచ్చు గాని అతని పని విలువ తగ్గదు. కారణం నాలుగు రకాల పాత్రలు ఒకదానిపై ఒకటి ఆధారపడేలా వాటిని రూపొందించారు. స్కౌట్ దగ్గర చీకటి గుహ పైకప్పును వెలిగించే వెలుగు తుపాకీ, ఎత్తుకు లాక్కుపోయే కొక్కెం ఉంటాయి. ఇంజినీర్ గోడ మీద నిలబడేందుకు చిన్న వేదికలను అతికించగలడు. డ్రిల్లర్ రాతిని వెన్నలా తొలుచుకుంటూ దారి చేస్తాడు. గన్నర్ అగాధాలకు అడ్డంగా తీగ కడతాడు, కాచుకోవడానికి కవచం వేస్తాడు.

మొన్నటి నాలుగో శనివారం జరిగిన ఒక చిన్న ఘట్టం చెబుతాను. విశాఖ మిత్రుడు ఐదు వారాల తర్వాత వచ్చి స్కౌట్‌గా దిగాడు. గుహ పైకప్పు దగ్గర, ముప్పై అడుగుల ఎత్తున, ఎర్రగా మెరిసే నైట్రా అనే ఖనిజపు గడ్డ ఉంది. తూటాలు తెప్పించుకోవాలంటే 80 నైట్రా కావాలి, మా దగ్గర 62 ఉంది, పురుగుల గుంపు వస్తోందని హెచ్చరిక వినిపించింది. డల్లాస్ మిత్రుడు ఇంజినీర్. అతను ఏమీ మాట్లాడకుండా గడ్డ కింద ఒక వేదిక కొట్టాడు. విశాఖ మిత్రుడు కొక్కెం విసిరి ఎగిరి సరిగ్గా దాని మీద వాలాడు, నాలుగు దెబ్బల్లో గడ్డ రాల్చాడు, దిగి వచ్చేసరికి లెక్క 80 దాటింది. ఎవరూ ఎవరికీ ఏమీ నేర్పలేదు, ఎవరి పెట్టెలో నుంచీ ఎవరూ ఏమీ తీసుకోలేదు. "మామా, చెయ్యి ఇంకా తిరుగుతోందిరా" అని మెల్‌బోర్న్ నుంచి వినిపించింది. రాతిగొడ్డలితో మూల నిలబడిన మనిషే ఇతను.

మాట్లాడలేనివాళ్లను కూడా ఈ ఆట కలుపుకుపోతుంది. పాప పక్కగదిలో నిద్రపోతుంటే నేను మైకు తెరవను. ఒక మీట నొక్కి లేజర్ చూపిస్తే నేను దేన్ని చూపుతున్నానో దాని పేరు, అది ఉన్న చోటు అందరి తెరల మీదా కనిపిస్తాయి. ఇంకో మీట నొక్కితే నా మరుగుజ్జు తవ్వే పనిముట్టు ఎత్తి 'రాక్ అండ్ స్టోన్' అని అరుస్తాడు, దానికి అవతలివాళ్లు బదులిస్తారు. మిషన్ మొత్తం ఒక్క మాట మాట్లాడకుండా ఆడి, అయినా వాళ్లతో గడిపినట్టే అనిపించిన ఉదయాలు నాకు చాలా ఉన్నాయి.

ఐదోవాడి సంగతి అడగవచ్చు, ఎందుకంటే ఇందులో నలుగురికే చోటు. మా విషయంలో అరగంట మిషన్ ఆ చిక్కును తీర్చింది. రాత్రి పని నుంచి వచ్చినవాడు ఎనిమిదింటి మిషన్ ఒక్కటి ఆడి నిద్రకు వెళ్తాడు, అతని చోటులోకి ఎనిమిదిన్నరకు ఇంకొకరు వస్తారు. మధ్యలో ఒకరు వెళ్లిపోవలసి వచ్చినా మిగిలినవాళ్ల మిషన్ సాగుతుంది, ఆలస్యమైనవాడు మిషన్ నడుస్తుండగానే చేరవచ్చు. ఆడేవాళ్ల సంఖ్యను బట్టి పురుగుల తీవ్రత మారుతుంది కాబట్టి ఇద్దరమే ఉన్న రోజున కూడా ఆట న్యాయంగానే ఉంటుంది. ఎవరూ రాని వారం ఒంటరిగా దిగితే బాస్కో అనే యంత్రం తోడుగా వచ్చి తవ్వుతుంది, వెలుగు చూపుతుంది, పడిపోతే లేపుతుంది. ఒంటరి ఆటను నిలిపి వేసి లేవవచ్చు గాని నలుగురి ఆటను నిలపలేము. అయినా గుంపులకూ గుంపులకూ మధ్య ప్రశాంతమైన సమయం ఉంటుంది, గుంపు వచ్చే ముందు హెచ్చరిక కూడా వినిపిస్తుంది కాబట్టి పాలు పొంగుతున్నాయని వంటింట్లోకి వెళ్లి రావడం మాకు కష్టం కాలేదు.

ఇంకొక మెచ్చుకోదగిన నిర్ణయం ఉంది. ఈనాటి ఆటల్లో చాలావాటికి 'సీజన్' అనే పద్ధతి ఉంటుంది. కొన్ని నెలల గడువులోగా ఆడినవారికే కొన్ని దుస్తులు, అలంకారాలు దక్కుతాయి, గడువు దాటితే పోయినట్టే. తీరిక లేనివాడి మీద ఇది ఒక వాయిదా బకాయిలా కూర్చుంటుంది. డీప్ రాక్‌లో సీజన్లకు డబ్బు కట్టనక్కరలేదు, పైగా 2024 జూన్‌లో వచ్చిన ఐదో సీజన్ నుంచి పాత సీజన్లలో దేన్నైనా మళ్లీ ఎంచుకుని ఆడుకునే వీలు కల్పించారు. ఏడాది పాటు రాలేకపోయినవాడికి కూడా తలుపు మూసుకుపోదు. నా దృష్టిలో ఈ ఒక్క నిర్ణయం వెనక ఆటగాడి జీవితం పట్ల గౌరవం ఉంది.

లోపాలు లేవని కాదు. ముఖ్యమైనది హోస్ట్ విషయం. మిషన్ ఆడేవారిలో ఒకరి కంప్యూటరే అందరికీ సర్వర్‌గా పనిచేస్తుంది, ఆ మనిషి వెళ్లిపోతే మిషన్ అక్కడితో ఆగిపోతుంది. అందుచేత ఎవరి ఇంట్లో ఆ పూట అంతరాయం తక్కువో వారినే హోస్ట్‌గా పెట్టుకోవాలి. రెండోది, కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణంలో కొన్నవాళ్లు ఎక్స్‌బాక్స్ వాళ్లతో గాని ప్లేస్టేషన్ వాళ్లతో గాని కలిసి ఆడలేరు. ఇది కొనే ముందే అందరూ మాట్లాడుకోవలసిన విషయం. మూడోది, ఆట అంతా చీకటి గుహల్లో జరుగుతుంది, అన్ని వైపులా సొరంగాలు తవ్వాక దారి మరచిపోవడం సహజం, కొందరికి తల తిరుగుతుంది. శత్రువులు సాలీళ్ల వంటి పురుగులు, వాటిని చూడలేనివారి కోసం వేరే సెట్టింగు ఇచ్చారు. కథ కావాలనుకునేవారికి ఇందులో కథ అంటూ చెప్పుకోదగ్గది లేదు. మా విశాఖ మిత్రుడికి అదే నచ్చింది, ఎందుకంటే గుర్తుపెట్టుకోవలసినది ఏదీ ఉండదు.

దూరం గురించి కూడా ఒక మాట చెప్పాలి. హైదరాబాదు నుంచి డల్లాస్‌కు గీత గీసినట్టు కొలిచినా సుమారు 14,000 కిలోమీటర్లు. ఇంటర్నెట్ కేబుళ్లలోని గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి సంకేతం వెళ్లి రావడానికి ఎంత మంచి ఇంటర్నెట్ ఉన్నా 140 మిల్లీసెకన్లకు తగ్గదు, కేబుళ్లు వంకర దారుల్లో పోతాయి కాబట్టి నిజంగా అంతకంటే బాగా ఎక్కువే పడుతుంది. వాలొరెంట్ వంటి పోటీ ఆటల్లో ఆ ఆలస్యమే గెలుపోటములను తేల్చేస్తుంది. పైగా అక్కడ ముందుగా 13 రౌండ్లు గెలిచేదాకా కదలకూడదు, మధ్యలో లేస్తే శిక్ష పడుతుంది. మన దగ్గర అందరి ఫోన్లలోనూ ఉన్న బీజీఎంఐ మా ఐదుగురికీ పనికిరాలేదు, అది భారతదేశంలోని ఆటగాళ్ల కోసమే నడిచే ఆట. అందరూ ఒకే పక్షాన ఉండే ఆటలో ఆలస్యం వల్ల ఒక పురుగు రెండు అడుగులు పక్కకు జరిగినట్టు కనిపించవచ్చు గాని స్నేహితుల మధ్య అన్యాయం జరగదు.

మిగతా ప్రసిద్ధ ఆటలను ఇదే కొలబద్దతో చూశాము. పొలం సాగుచేసుకునే స్టార్‌డ్యూ వ్యాలీలో ఒక రోజు నిజ సమయంలో సుమారు 14 నిమిషాలే కాబట్టి ముక్కలు ముక్కలుగా ఆడుకోవడానికి వీలైనదే, కానీ పొలం ఒకరి కంప్యూటర్‌లో ఉంటుంది, ఆ మనిషి రాకపోతే మిగతావారికి పొలం లేదు. ఒకే ఇంట్లో ఉండే భార్యాభర్తలకు, ఒకే వేళకు తీరిక దొరికే ఇద్దరికి నేను దీన్ని నిస్సంకోచంగా సూచిస్తాను. వాల్‌హైమ్, మైన్‌క్రాఫ్ట్ వంటి మనుగడ ఆటల్లో ఎప్పుడూ నడిచే సర్వర్ పెట్టుకోవచ్చు, మైన్‌క్రాఫ్ట్‌కు రియల్మ్స్ అనే నెలవారీ చందా ఉంది. దానితో ఎవరి వీలును బట్టి వారు లోకంలోకి వెళ్లి రావచ్చు గాని ముందుకు పోయేవాడికీ వెనకబడేవాడికీ మధ్య దూరం అలాగే ఉంటుంది. ఇట్ టేక్స్ టూ ఇద్దరి కోసమే తయారైంది, ఒకరు కొంటే రెండోవారు ఉచితంగా ఆడవచ్చు. అయితే ఆ ఇద్దరూ చివరిదాకా ఒకే ఇద్దరై ఉండాలి. బాల్డర్స్ గేట్ 3 నాకు ఎంతో ఇష్టమైన ఆట. కానీ అది 150 జీబీల చోటు, వంద గంటల సమయం అడుగుతుంది. మా లెక్కన శనివారాలు చాలవు. డీప్ రాక్‌కు మూడు జీబీల చోటు చాలు, విశాఖ మిత్రుడి పాత ల్యాప్‌టాప్‌లో కూడా అది పట్టింది. ఐదుగురమూ కలిసిన అరుదైన రోజున మాత్రం చివరి పావుగంట అమాంగ్ అస్ ఆడుకుంటాము, దానిలో నలుగురి నుంచి పదిహేనుమంది దాకా చేరవచ్చు.

శనివారం కూడా కలవలేనివాళ్లకు వేరే దారి ఉంది. ఒకే సమయానికి కూర్చోవలసిన అవసరమే లేని ఆటలు. వెనకటి రోజుల్లో చదరంగం ఆడేవాళ్లు ఒక్కో ఎత్తును పోస్టుకార్డు మీద రాసి పంపుకునేవారు. లిచెస్ అనే చదరంగపు వెబ్‌సైట్‌లో ఇప్పుడు అదే పద్ధతి ఉంది. ఒక్కో ఎత్తుకు ఒక రోజు నుంచి పద్నాలుగు రోజుల వరకు గడువు పెట్టుకోవచ్చు, డబ్బు కట్టనక్కరలేదు, ప్రకటనలు లేవు. మెల్‌బోర్న్ మిత్రుడూ నేనూ మూడు రోజుల గడువుతో ఆడుతున్నాము. నేను ఉదయం కాఫీ తాగుతూ ఒక ఎత్తు వేస్తాను, అతను రాత్రి అంట్లు తోమాక చూసి బదులు వేస్తాడు. కిందటి ఆట ముగియడానికి రెండు నెలలు పట్టింది, ఆ రెండు నెలల్లో మేము ఫోనులో మాట్లాడింది రెండుసార్లే. అయినా ఏ రోజు అతను త్వరగా పడుకున్నాడో, ఏ రోజు పనిలో మునిగిపోయాడో నాకు తెలుసు. వ్యూహపు ఆటలు ఇష్టపడేవారికి సివిలైజేషన్ 6లో ప్లే బై క్లౌడ్ అనే పద్ధతి ఉంది. మన వంతు రాగానే కబురు వస్తుంది, తీరిక చూసుకుని ఆడి పంపవచ్చు.

కొనదలచినవారికి రెండు మాటలు. డీప్ రాక్‌ను ఆడే ప్రతివారూ విడిగా కొనుక్కోవాలి, స్టీమ్‌లో తగ్గింపు ధరలు తరచుగా వస్తాయి కాబట్టి తొందరపడకండి. కొన్న 14 రోజుల్లోగా, రెండు గంటలకు మించి ఆడకుండా ఉంటే స్టీమ్ డబ్బు తిరిగి ఇస్తుంది. ఆ రెండు గంటల్లో మూడు నాలుగు మిషన్లు పడతాయి, స్నేహితులకు నచ్చుతుందో లేదో తెలుసుకోవడానికి అది చాలు. మొదటి మిషన్ తక్కువ ప్రమాద స్థాయిలో తీసుకోండి. ముందే ఆడినవాడు ఉంటే అతన్ని ఇంజినీర్‌గా దింపి, కొత్తవాడికి స్కౌట్ ఇవ్వండి. ఎత్తు మీది గడ్డను రాల్చే పని మొదటి రోజే కొత్తవాడి చేతికి రావాలి.

నవంబరు మొదటి ఆదివారం అమెరికాలో గడియారాలు ఒక గంట వెనక్కి జరుపుతారు, అప్పుడు మన ఎనిమిది గంటలకు డల్లాస్‌లో ఎనిమిదిన్నరే అవుతుంది, అక్కడి పిల్లలు ఇంకా మేలుకునే ఉంటారు. అందుకని ఆ వారం నుంచి మా మిషన్ ఉదయం తొమ్మిదింటికి మొదలవుతుంది. మెల్‌బోర్న్‌లో అప్పటికి మధ్యాహ్నం రెండున్నర, అతను సరేనన్నాడు. రాత్రి పని చేసేవాడు తొమ్మిదిదాకా మేలుకోలేనని చెప్పాడు, కాబట్టి అతని కోసం ఎనిమిదింటికి నేనూ అతనూ ఇద్దరమే ఒక గుర్తు ఉన్న చిన్న మిషన్‌లోకి దిగుతాము.